తెల్ల కవచంలో నీలం సుద్ద గీత

ఇది తెలుగులో రాయడానికి ఒక కారణం ఉంది. మా ఇంట్లో ముగ్గురం పుట్టినప్పటి నుంచీ తెలుగే మాట్లాడుకుంటున్నాం, తిట్టుకోవలసి వచ్చినా తెలుగులోనే తిట్టుకుంటాం. చదవడం మాత్రం నాకొక్కదానికే వచ్చు. అమ్మమ్మ పట్టుబట్టి పలక మీద దిద్దించింది. నాయనకు అరవం వచ్చు, తమ్ముడికి అరవమూ ఇంగ్లీషూ వచ్చు. కాబట్టి ఈ కాగితాలు దుకాణంలో కత్తెర కింద పెట్టి మరిచిపోయినా నాకు భయం లేదు. వాళ్ళ మొహం మీద సగమే చెప్పగలిగాను. మిగతా సగం ఇక్కడ చెబుతున్నాను.

పుదుచ్చేరిలో పెద్ద మార్కెట్టు వెనక వీధిలో మాది టైలరు దుకాణం. తాత పెట్టింది. ముందు భాగంలో నాయన మగవాళ్ళ బట్టలు కుడతాడు, తెర వెనక కూర్చుని నేను ఆడవాళ్ళ జాకెట్లు కుడతాను. పైన ఇల్లు. అమ్మ పోయాక మిగిలింది నాయన, నేను, తమ్ముడు. తమ్ముడు తట్టాంచావడిలో ఒక వర్క్‌షాపులో పని చేస్తాడు. మనిషి పొడుగూ వెడల్పూ రెండూ ఉన్నవాడు, గుమ్మం దాటాలంటే తల వంచాలి. అమ్మ పోలిక నాకొచ్చింది. పిడికెడు మనిషిని. మిషను దగ్గర కూర్చున్నా, లేచి నిలబడినా పెద్ద తేడా ఉండదు. వీధిలో నేను టైలరు గారి పొట్టి కూతురిని. కాస్త గాలి పీలుద్దామని బీచ్ రోడ్డుకు వెళ్తే అక్కడా ఎవరో ఒకరు ఎదురుపడి, ‘ఏమ్మా, నా ప్యాంటు అయిందా?’ అని అడుగుతారు. సముద్రం ముందు నిలబడి ప్యాంటు గురించి జవాబు చెప్పాలి.

నాకు చిన్నప్పటి నుంచీ అంతరిక్ష కథల పిచ్చి. తమ్ముడికీ అంటించింది నేనే. టీవీలో అలాంటివి వస్తే ఇద్దరం అన్నం పళ్ళేలు ఒళ్ళో పెట్టుకుని చూసేవాళ్ళం. వాడికి ఓడలు, తుపాకులు, పేలుళ్ళు నచ్చేవి. నాకు మాత్రం తల నుంచి కాలి దాకా కవచం తొడుక్కుని నడిచే సిపాయిలు నచ్చేవాళ్ళు. ముఖం కనపడదు. వాళ్ళు ఎవరో, ఎవరి పిల్లలో, పొట్టివాళ్ళో నల్లవాళ్ళో ఎవరికీ తెలియదు. చూసినవాళ్ళు పక్కకు తప్పుకుంటారు, అంతే. అలా ఒక్క సాయంత్రమైనా నడవాలని నాకు ఎంత ఉండేదో తమ్ముడికి తప్ప ఎవరికీ చెప్పలేదు.

బీచ్ రోడ్డు మీద సాయంత్రం బండ్లను రానివ్వకుండా ఆపేశాక ఇలాంటి వేషాలు కట్టుకునేవాళ్ళంతా కలిసి నడుస్తారని, మద్రాసు నుంచి కూడా వస్తారని ఆ మాట తెచ్చింది వాడే. కవచం ముక్కలు ప్లాస్టిక్‌లో పోతపోసి, పెట్టెలో పెట్టి అమ్ముతారని చూపించిందీ వాడే. తెప్పించుకున్నది మాత్రం నేను, నా సంపాదనతో, నా కోసం. ‘ఇది నాకు రా’ అని స్పష్టంగా చెప్పాను. ‘నీకేలే అక్కా, ఇంకెవురికి?’ అన్నాడు.

పెట్టె తెరిస్తే కవచం కనపడుతుందనుకున్నాను. కవచం లేదు. పెద్ద పెద్ద తెల్లటి ప్లాస్టిక్ రేకులు, వాటి మధ్యలో బొబ్బల్లాగా ఉబ్బిన ఆకారాలు. ఛాతీ ఒకటి, వీపు ఒకటి. తొడలు, పిక్కలు, ముంజేతులు ఒక్కొక్కటీ రెండు సగాలుగా. హెల్మెట్టు కూడా ముందు ముక్క, వెనక ముక్క. ప్రతి దాని చుట్టూ పనికిరాని అంచు. ఆ అంచు కోసి, గరుకు కాగితంతో రుద్ది, సగానికి సగం ఆనించి, లోపలొక పట్టీ బయటొక పట్టీ వేసి జిగురుతో అతికించాలి. ఆరేదాకా కదలకుండా అయస్కాంతాలతో బిగించి పెట్టాలి. తరువాత ఎలాస్టిక్ పట్టీలు, ప్రెస్ బటన్లు వేసి ముక్కలన్నిటినీ ఒంటికి వేలాడదీయాలి. అంటే కత్తిరింపు, కూర్పు, బటన్లు. నాకు నవ్వొచ్చింది. పుట్టినప్పటి నుంచీ చేస్తున్న పనే కదా, బట్ట ఒక్కటే వేరు.

మొదటి రోజే దుకాణంలో గొడవైంది. పాత కత్తెర అనుకుని నాయన బట్టల కత్తెరతో ప్లాస్టిక్ అంచు కోశాను. ఆ కత్తెరతో మా ఇంట్లో కాగితం కూడా కోయకూడదు. అమ్మ ఒకసారి దాంతో పాల ప్యాకెట్టు కోసిందని నాయన ఒక పూట అన్నం మానేశాడు. ఈసారి అన్నం మానలేదు కానీ, కత్తెర చెవి దగ్గర పెట్టుకుని ఆడించి, ‘దీని గొంతు పోయింది’ అన్నాడు. అరిచి ఉంటే బాగుండేది. సానబట్టించి తెచ్చి ఇచ్చాక గానీ నాతో మాట్లాడలేదు. తమ్ముడు వర్క్‌షాపు నుంచి ప్లాస్టిక్ కోసే వంకర కత్తెర తెచ్చాడు. అప్పటి నుంచి మేడ మీద గదిలో పని.

ఆ రోజుల గురించి చెడ్డగా రాయాలని ఉంది, రాయలేను. బాగుండేవి. ఆదివారాలు నేను రుద్దుతుంటే తెల్లటి పొడి జుట్టు మీద పడి, నీకప్పుడే జుట్టు నెరిసిందని వాడు ఏడిపించేవాడు. వేడి నీళ్ళలో అంచులు ముంచి వంచడం వాడు చూపించాడు. హెల్మెట్టు ముందుగా తయారైంది. లోపల స్పాంజి పెట్టి నా తలకు సరిపడేలా చేసుకున్నాను. కింద దుకాణంలో నిలువుటద్దం ముందు పెట్టుకుని చూసుకున్నాను. నైటీ మీద హెల్మెట్టు. అంత వింతగా ఉన్నా నాకు ఏడుపొచ్చింది, సంతోషంతోనే. లోపల నా ఊపిరి నాకే గట్టిగా వినపడింది. గుమ్మంలోకి పూలమ్మే ఆవిడ వచ్చి, అద్దం ముందున్నది ఎవరో తెలియక, ‘టైలరు కూతురు లేదా?’ అని అరవంలో అడిగింది. చెయ్యి ఊపి లేదన్నాను. ఆమె వెళ్ళిపోయింది. అంత ఆనందం నాకు అంతకు ముందు తెలియదు.

ఇప్పుడు అసలు సంగతి. ఆ ప్లాస్టిక్ పొడుగాటి మగవాళ్ళ కోసం పోతపోసింది. నా ఒంటికి రావాలంటే ప్రతి ముక్కనూ బాగా లోపలికి కోయాలి. టేపుతో నన్ను నేను కొలుచుకుని, ప్రతి ముక్క లోపలి వైపు నీలం సుద్దతో గీత గీశాను. తొడకి, పిక్కకి, ముంజేతికి, అన్నిటికీ. గీత దగ్గర కోయడానికి కూర్చుంటే తమ్ముడు చెయ్యి పట్టుకున్నాడు.

‘ఏందక్కా తొందర? ఒకసారి కోస్తే మళ్ళీ పెరుగుతుందా అది? ముందు కచ్చాగా అతికిద్దాం. వేసుకొని చూసినాక విప్పి, నీ గీత కాడికి కోద్దాం.’

‘జిగురు విప్పేదానికి వస్తుందా?’

‘ఇది కచ్చా జిగురు. వేన్నీళ్ళలో పెడితే ఊడొస్తుంది. నువ్వు నాయిన్ని అడుగు కావాలంటే, ఎవురైనా ముందు బిగుతుగా కోస్తారా?’

నేను నిజంగానే అడిగాను. టైలరు ఇంట్లో పుట్టినవాళ్ళకు ఇది పాలతో పాటు పట్టే పాఠం. ముందు వదులుగా కోయి, తరువాత విప్పుకోవడానికి కుట్టు లోపల కాస్త బట్ట వదులు, కచ్చా కుట్టు వేసి ట్రయల్ చూడు, ఆ తరువాతే అసలు కుట్టు. లోపల బట్ట వదలని టైలర్ని నాయన దొంగ అంటాడు. అలాంటి నాయన మిషను మీద నుంచి తల ఎత్తకుండా, ‘అవును పాపా, తంబి చెప్పేది సరే. మొదట కచ్చాగానే పొయ్యేది మంచిది’ అన్నాడు. ఇంక నాకేం అనుమానం? ప్లాస్టిక్కును బట్ట అనుకున్నాను, నాయన మాటను నాయన మాట అనుకున్నాను. తమ్ముడు సగాలు ఆనించి జిగురు రాస్తే, అయస్కాంతాలు ఒక్కొక్కటిగా పెట్టి బిగించింది నేనే. వేళ్ళు వాటి మధ్య నలిగినా పట్టించుకోలేదు.

కవచం కింద నల్లటి సాగే బట్టతో ఒంటికి అంటుకునే సూటు వేసుకోవాలి. అది వచ్చాకే ట్రయల్ అన్నాడు తమ్ముడు, ఆలోపు ఎలాస్టిక్కులూ బటన్లూ నేను కుట్టేశాను. నేను కుట్టుకుంటానంటే నాయన ఒప్పుకోలేదు. ‘ఎవురి కొలత వాళ్ళు తీసుకుంటే తప్పుతుంది. నేను కుడతాలే’ అన్నాడు. అది కూడా మా ఇంట్లో ఉన్న మాటే. నా బట్టలన్నీ ఆయనే కోస్తాడు. నాయన తన చేత్తో నా కోసం ఆ సూటు కుడుతున్నాడంటే ఈ పిచ్చిని ఆయన కూడా ఒప్పుకున్నట్టే కదా అని పొంగిపోయాను.

నడక ఇంకో వారంలో ఉందనగా, ఒక మధ్యాహ్నం నాయన భోజనానికి పైకి వెళ్ళాడు. అయిపోయిన బట్టలు తగిలించే కమ్మీ మీద ప్యాంట్ల మధ్య నల్లటిది ఒకటి కనపడింది. దగ్గరికి వెళ్ళకముందే తెలిసిపోయింది. మేము మనిషి ముఖం కంటే ముందు భుజం చూసేవాళ్ళం. ఆ భుజం నాది కాదు. అయినా కిందికి దించి ఒంటికి ఆనించుకున్నాను. చెయ్యి నా వేళ్ళు దాటి వేలాడింది. వదులుగా కుట్టాడేమో, తరువాత లోపలికి పట్టి కుడతాడేమో అని నాకు నేనే చెప్పుకుంటూ లోపలికి తిప్పి చూశాను. లోపల బట్ట వదల్లేదు. వేలెడు కూడా వదల్లేదు. ఇంక మార్చే పని లేదని తెలిసి వేసిన కుట్టు అది.

మేడ మీద గదికి పరుగెత్తాను. పిక్క ముక్క తీసి వెలుతురులో పెట్టి లోపల చూశాను. నా నీలం గీతకు అవతల, ఎక్కడో దూరంగా, లోపలి పట్టీ గట్టిగా కూర్చుని ఉంది. వేన్నీళ్ళు కాచి ముంచాను. ఏదీ ఊడలేదు. కత్తి మొన పెట్టి లేపబోతే జిగురు కాదు, ప్లాస్టిక్కే చీలింది. తొడ చూశాను, ముంజెయ్యి చూశాను. అన్నిట్లోనూ నా గీత అలాగే ఉంది. చెరపాలని కూడా అనుకోలేదు వాళ్ళు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టుకున్నాను, అన్నీ ఆరి గట్టిపడిన తరువాత.

కిందికి వచ్చేసరికి నాయన మిషను దగ్గర ఉన్నాడు. సూటు ఆయన ముందు పడేశాను.

‘ఇది ఎవురిది నాయినా?’

సూదిలో దారం ఎక్కిస్తున్నవాడు ఆగాడు. ‘తంబికి కుట్టినా.’

‘నాకని చెప్పినావు.’

‘నీకని నేనెప్పుడు చెప్పినా? కుడతా అన్నా.’ తరువాత మెత్తగా అన్నాడు. ‘పాపా, పెట్టె వచ్చిన దినమే నేను చూసినా. అది వాడి ఒళ్ళుకు చేసిన మాదిరి ఉంది. నీకు కోస్తే సగం ప్లాస్టిక్కు కుప్పలో పోతుంది. అంత మంచి సరుకు ఎవురైనా పాడు చేస్తారా? పోనీ, వాడు వేసుకుంటే ఏంది, నువ్వు వేసుకుంటే ఏంది? ఇంట్లోదే కదా.’

‘మరి కచ్చా అని ఎందుకు చెప్పినావు?’

‘చెప్పకుంటే నువ్వు కోసేసుంటావు.’

ఇంత శాంతంగా. తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఏమిటో నాకు ఆ రోజు అర్థమైంది. కుట్టినవాడు దొంగ కాకూడదని ఊరందరికీ చెప్పే మనిషి. నేను అరిచాను, వీధి వినేలాగే అరిచాను. దుకాణానికి వస్తున్న ఒకాయన గుమ్మం దగ్గర నుంచే వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

సాయంత్రం తమ్ముడు వచ్చాడు. వాడు కనీసం తల వంచుకుంటాడని అనుకున్నాను. చెప్పులు విప్పుతూనే మొదలుపెట్టాడు.

‘అక్కా, నేను నిన్ను మోసం చెయ్యాలనుకోలా. నడకకు వచ్చేవాళ్ళందరికీ ఫోటోలు పెట్టేసినా, నేను వస్తాండానని. వాళ్ళంతా నేననే అనుకుంటాండారు.’

‘నేను రుద్దతా ఉంటే, నేను అయస్కాంతాలు పెడతా ఉంటే ఫోటోలు తీస్తివి కదరా. అవేనా పంపింది?’

‘నువ్వు పడకుండానే తీసినా.’ అది ఏదో మేలు చేసినట్టు చెప్పాడు. ‘అయినా నువ్వు వేసుకుంటే మాత్రం ఎవురికి తెలుస్తుంది చెప్పు? లోపల నువ్వుంటే ఏంది నేనుంటే ఏంది? ముఖం కనపడేదే లేదు.’

‘అందుకే కదరా నేను వేసుకోవాలనుకునింది.’

వాడికి అర్థం కాలేదు. నిజంగా కాలేదు. ‘వచ్చే తూరి నీకు చిన్న సైజు చూస్తాంలే, సుమ్మా ఊరికే ఏడవద్దు’ అని అన్నం పెట్టుకోవడానికి వెళ్ళాడు. పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని చిన్నప్పుడు నా పక్కన కూర్చున్నవాడు వీడేనా అని చూస్తూ నిలబడ్డాను.

నడక రోజున నేను దుకాణం తెర వెనకే కూర్చుందామనుకున్నాను. కానీ ఆ కవచం ఒంటరిగా ఎవరూ వేసుకోలేరు. వీపు బటన్లు చేతికి అందవు. ఏ ముక్క దేనికి తగిలించాలో, ఏ ఎలాస్టిక్ ఎక్కడికి పోవాలో కుట్టిన నాకు తప్ప ఇంట్లో ఎవరికీ తెలియదు. నాయన తెర పక్కకు జరిపి, ‘పాపా, పొద్దు పోతా ఉంది. తంబికి కొంచెం పట్టు’ అన్నాడు. తిట్టి పంపుదామని లేచాను. నల్ల సూటులో చేతులు చాచి నిలబడ్డ వాణ్ణి చూశాను. నా చేతులు వాటంతట అవే ఎలాస్టిక్ లాగి బటన్లు వేశాయి. కొలతకు వచ్చినవాణ్ణి నిలబెట్టి ముడతలు సరిచేసే అలవాటు కోపం వచ్చినా పోదు. సరిగ్గా అతికింది, పాపిష్టిది. ఎక్కడా వెలితి లేదు. చివరికి హెల్మెట్టు. నా స్పాంజి పీకేసి వాడి తలకు తగ్గ స్పాంజి పెట్టుకున్నాడు.

బీచ్ రోడ్డు మీద వాడికి కాళ్ళ ముందు ఏముందో కనపడదు. చెయ్యి పట్టుకుని ఒకరు నడిపించాలి. ఆ ఒకరు నేనే. పక్కన నీళ్ళ సీసా పట్టుకుని నాయన. నలభై, యాభై మంది రకరకాల వేషాల్లో నడుస్తున్నారు గానీ జనం మా వాడి చుట్టూనే మూగారు. వాడు అడుగు వేస్తే పక్కకు తప్పుకుని దారి ఇచ్చారు, అచ్చం నేను అనుకున్నట్టే. పిల్లల్ని ఎత్తుకుని ఫోటోలు తీసుకున్నారు. ఒకావిడ ఫోను నా చేతిలో పెట్టి, వాళ్ళందరినీ కలిపి తీయమంది. తీశాను. మా వీధి ఆయనొకడు నన్ను చూసి, అంత సందట్లోనూ, ప్యాంటు అయిందా అని అడిగాడు.

కాలేజీ అమ్మాయి ఒకతె కవచం తట్టి చూసి, నాయనను అరవంలో అడిగింది, ఇది కొన్నదా, చేసిందా అని.

‘చేసిందేమ్మా. మా పిల్లోడు సొంతంగా చేసినాడు, ఇంట్లోనే’ అన్నాడు నాయన. గొంతులో అంత గర్వం నేనెప్పుడూ వినలేదు. నేను మూరెడు దూరంలో ఉన్నాను. జిగురు అంటి నా వేలి కొసలు ఇంకా గరుగ్గానే ఉన్నాయి. అమ్మాయి నన్ను చూసి నవ్వి, ‘మీరు?’ అంది. నేను జవాబు చెప్పేలోపే నాయన, ‘వాళ్ళక్క, తోడుకు వచ్చింది’ అన్నాడు.

ఆయన అబద్ధం చెప్పాలని చెప్పలేదు. అదే నన్ను కాల్చేసింది. ఆ క్షణానికి ఆయన మనసులో అదే నిజం.

ఇంటికి వచ్చాక ఒక్కొక్క బటనూ విప్పి, వాణ్ణి బయటికి తీశాను. వాడు చెమటతో తడిసి, నవ్వుతూ, ఫోటోలు చూసుకోవడానికి పైకి పోయాడు. నేను ముక్కలు తుడిచి పెట్టెలో సర్దుతున్నాను. నాయన మిషను మీద గుడ్డ కప్పుతూ నా వైపు చూశాడు.

‘కోపమా పాపా? వచ్చే తూరి నీకే చేద్దాం. నేనే కోసి ఇస్తా.’

‘నా కొలత తెలుసా నీకు?’ అన్నాను. ఎగతాళిగానే అన్నాను. టేపు కోసం వెతుకుతాడని, నీళ్ళు నములుతాడని, అప్పుడు మిగిలిన సగం కూడా మొహం మీద అనేద్దామని చూస్తున్నాను.

ఆయన వెతకలేదు. గుడ్డ సర్దుతూనే నా భుజం చెప్పాడు, చెయ్యి పొడుగు చెప్పాడు, ఛాతీ, నడుము, కాలు చెప్పాడు. ఒక్కటీ తప్పలేదు. అమ్మ పోయిన ఏడు నేను చిక్కిపోయినప్పుడు ఎంత పట్టాడో, తరువాత ఎంత విప్పాడో చెప్పాడు. ‘నీకు కుడి బుజం రవ్వంత కిందికి ఉంటుంది. నువ్వు చూసుకోలా ఎప్పుడూ. అందుకే నీ జాకెట్లకు ఆ పక్క తగ్గించి కోస్తా, చిన్నప్పటి నుంచి’ అన్నాడు.

నా కుడి భుజం తడుముకుని చూసుకున్నాను, నిజమే. నా కొలత తెలియక చేశాడనుకుని ఉంటే ఎప్పుడో ఒకప్పుడు మరిచిపోయి ఉండేదాన్ని.